ఫ్యాను కింద పేషెంటు

ఇంటర్లో లెక్కలు తప్పినవాడికి ఆ రోజుల్లో మా వైపు రెండే దారులు కనిపించేవి. ఒకటి ముత్తుకూరు పక్కన రొయ్యల గుంటల దగ్గర కాపలా, రెండోది హైవే మీద హోటల్లో సర్వరు పని. ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకునేరు, పదీ పన్నెండేళ్ళ కిందటి మాటే. చేతిలో ఫోను ఉండేది, ఒంట్లో బద్ధకం ఉండేది, బుర్రలో మాత్రం పెద్దగా ఏమీ ఉండేది కాదు. నేను మొదటి దారిలో ఒక ఏడాది నడిచి చూశాను. మా మేనమామ గుంటల గట్టు మీద రేకుల షెడ్డులో ఉంటూ, రొయ్యలకు మేత వేసి, కాసేపాగి నీళ్ళలోంచి చెక్ ట్రే పైకి లాగి, అవి తిన్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. (మేత మిగిలితే రొయ్యకు ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ ఏడాది మొత్తంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. అయితే ఇప్పటికీ ఆస్పత్రి వార్డులో భోజనం ప్లేట్లు వెనక్కి వస్తుంటే ముందు నా చూపు వాటి మీదికే పోతుంది.) ఏడాది తిరిగేసరికి మామ మా అమ్మ దగ్గరికొచ్చి, "అక్కా, నీ కొడుకు మంచోడే. కాకపోతే నేను వొచ్చినప్పుడల్లా నిద్రపోతుండాడు. రొయ్యలే వాణ్ణి కాపలా కాస్తుండాయి" అని చెప్పి, నా సంచీ నా చేతికిచ్చి వెళ్ళాడు.

ఆ ఆదివారమే ఆరాధన అయ్యాక మా పాస్టరయ్యగారు ఒక మాట చెప్పారు. చిల్లకూరు దగ్గర ఆస్పత్రి పనికి మూడు నెలల శిక్షణ మొదలవుతోందట. రోగుల్ని లేపడం, కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, పక్క వేయడం, వీల్‌ఛైర్ తొయ్యడం, ఇవన్నీ నేర్పుతారు. ఆఖర్న ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. అందులో పాసైతే నెల్లూరులో ఒక పెద్ద ఆస్పత్రి వాళ్ళు వార్డులో ఉద్యోగమిస్తారు. మా అమ్మ ఆ శుక్రవారమే వెళ్ళి స్త్రీల ప్రార్థన కూటంలో "మావాడు డాక్టర్ల పక్కన నిలబడే చదువుకి పోతుండాడు" అని చెప్పేసింది. ఆ సంగతి వినగానే మా నాయన నారుమడిలోంచే తల ఎత్తకుండా "నిలబడేదో పడుకునేదో సరిగ్గా కనుక్కోవే" అన్నాడు. (ఆయన ఏ నోటితో అన్నాడో గానీ, ఆ మాట అక్షరాలా నిజమైంది.) ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం ముప్ఫై మంది ఆడవాళ్ళు నా పేరు పెట్టి ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. అమ్మ తెల్ల చొక్కా ఒకటి ముందుగానే కుట్టించి బీరువాలో పెట్టింది. పరీక్ష తప్పితే మళ్ళీ గుంటల గట్టు మీదికి పోవాలన్న భయం కంటే, ఆ ముప్ఫై మందికి మొహం చూపించాలన్న భయమే నాకు ఎక్కువగా ఉండేది.

శిక్షణ ఇచ్చేచోటు హైవే పక్కనే, టైర్ల షాపు పైన ఒక హాలు. పెద్ద లారీ పోయినప్పుడల్లా కిటికీలు గడగడలాడేవి. అక్కడ ఒక ఇనుప మంచం, ఎంత తోసినా ఎడమకే పోయే వీల్‌ఛైర్ ఒకటి, గోడ మీద నవ్వుతున్న ఎముకలగూడు బొమ్మ, పన్నెండు మంది మేము. మాకు పాఠం చెప్పేది రిటైరైన హెడ్ నర్సు. గంజిపెట్టిన తెల్లచీర, భుజానికి పిన్నుతో తగిలించిన గడియారం. అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. మొదటిరోజే ఆమె, "పని నేర్చుకునేదానికి మనిషంత రబ్బరు బొమ్మ ఒకటి మద్రాసు నుంచి రావాల. రేపొస్తుంది. అంతదాకా మీలో ఎవురో ఒకరు పేషెంటుగా పడుకోండి" అంది. ఒకరూ కదల్లేదు. నలుగురి ముందు మంచమెక్కి పడుకోవాలంటే ఎవరికైనా సిగ్గే కదా. నేను కూడా తల దించుకుందామనే అనుకున్నాను. ఎందుకో పైకి చూశాను. హాల్లో ఉన్న మూడు ఫ్యాన్లలో తిరిగేది ఒక్కటే. అది సరిగ్గా మంచం మీద ఉంది. మే నెల, రేకుల కప్పు, కింద నుంచి టైర్ల వాసన. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచింది.

రేపొస్తుందన్న బొమ్మ ఆ రేపూ రాలేదు, ఆ వారమూ రాలేదు. సిస్టరమ్మ రోజూ పొద్దున ఫోను చేసేది, "బయల్దేరింది మేడమ్" అని అవతలి వాళ్ళు చెప్పేవాళ్ళు, నేను చెప్పులు విడిచి మంచమెక్కేవాణ్ణి. మిగతా పదకొండు మంది నా మీద చెయ్యి తిప్పుకునేవాళ్ళు. అందులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన ముత్తుకూరు అన్న, పదేళ్ళు పోర్టు దగ్గర మూటలు మోసిన మనిషి. పక్కకి తిరిగితే గానీ తలుపులో పట్టనంత ఛాతీ. పేషెంటుని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చమంటే మొదటిరోజు నన్ను ఒక్క ఊపున ఎత్తి భుజాన వేసుకున్నాడు. "దించయ్యా, దించు! అది మూట కాదు, మనిషి!" అని సిస్టరమ్మ అరిస్తే, "యాడ దించమంటారు మేడమ్?" అని నన్ను భుజాన పెట్టుకునే హాలంతా తిరిగాడు. ఇంకొకామె సూళ్లూరుపేట అక్క. ఇద్దరు పిల్లల తల్లి. పొద్దున్నే వంట చేసి, రైల్లో గూడూరు దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చేది. రోగికి అన్నం తినిపించే పాఠం రోజు అందరూ ఇంటి నుంచి ఏదో ఒకటి తెమ్మంటే, అక్క పులికాట్ చేపల పులుసు తెచ్చింది. "మంచంలో ఉండే పేషెంటుకి ముళ్ళ చేపా?" అని సిస్టరమ్మ కోప్పడింది. "ముళ్ళు తీసే పెడుతుండా మేడమ్, మా చిన్నోడికి పెట్టేట్టే" అంది అక్క. ఆ రోజు నేను పదకొండు మంది చేత పదకొండు క్యారేజీలు తిన్నాను. ఆ పులుసు మాత్రం ఇంకోసారి ప్రాక్టీసు చేయించుకున్నాను.

ఇలా రెండున్నర నెలలు గడిచాయి. నాకు గడ్డం గీశారు, గోళ్ళు తీశారు, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచారు, నడుముకి పౌడరు రాశారు, తలకీ మోకాలికీ కట్లు కట్టారు. (ఒకరోజు తలకట్టు విప్పడం మరిచిపోయి ఊళ్ళో బస్సు దిగాను. మా అమ్మ వేసిన కేకకి పక్కింటి బర్రె తాడు తెంపుకుంది.) ఎవరు చేసిన పని వాళ్ళు తమ రికార్డు పుస్తకంలో రాసుకుని సిస్టరమ్మ సంతకం తీసుకోవాలి. నాకు టైమెక్కడిది, నేను మంచం మీద ఉన్నాను కదా! పాపం కదలకుండా పడుకుంటున్నాడని అందరూ నా పుస్తకం కూడా కలిపి నింపేసేవాళ్ళు. సిస్టరమ్మ పన్నెండు పుస్తకాలూ ఒక కట్టగా పెట్టుకుని సంతకాలు చేసేది. నా పుస్తకం చూస్తే నాకంటే పనిమంతుడు నెల్లూరు జిల్లాలో లేడనిపించేది.

అంత సుఖంలోనూ ఒక సంగతి నాకు నచ్చేది కాదు. నన్ను పక్కకి తిప్పేటప్పుడు ఎవరూ నాతో మాట్లాడేవాళ్ళు కాదు. నా మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు. "తిప్పుదామా?" "తిప్పు." అంతే, ఎవరి చెయ్యో చల్లగా వీపు కిందికి వచ్చేది, గోడ మొహం మీదికి వచ్చేది. ఒకసారైతే ఇద్దరు నన్ను మంచం అంచుదాకా తిప్పి, ఒంటిచేత్తో పట్టుకుని, మధ్యాహ్నం బస్సు సంగతి మాట్లాడుకుంటూ ఉండిపోయారు. కింద నేల కనిపిస్తోంది. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ళవాణ్ణి, నేనే మంచం ఊచ గట్టిగా పట్టుకున్నాను. పడతానని చెప్పడానికి కూడా సిగ్గేసింది. సూళ్లూరుపేట అక్క ఒక్కతే ముందు నా భుజం మీద చెయ్యి ఆనించి, "తిప్పుతుండా నాయనా, భయపడబాక" అనేది. ఆ మాట వినపడితే చాలు, నేను సగం నిద్రలోకి పోయేవాణ్ణి.

పరీక్ష ఇంకో వారం ఉందనగా మమ్మల్ని నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు అందరికీ తలా ఒక పని చెబుతూ నాతో "నువ్వు ఆ ఏడో బెడ్డుకి పో" అంది. వెళ్ళాను. ఖాళీ బెడ్డు, తెల్లటి పరుపు, పక్కన మడతపెట్టిన దుప్పటి, పైన తిరుగుతున్న ఫ్యాను. దేవుడి మీద ఒట్టు, నేను ఏమీ ఆలోచించలేదు. చెప్పులు విడిచాను, ఎక్కాను, పడుకున్నాను. బీపీ చూసేవాళ్ళకి వీలుగా ఉంటుందని ఎడమ చెయ్యి కూడా చాపాను. అవతల నుంచి ఒక చిన్న సిస్టరు వచ్చి నా చంకలో థర్మామీటరు పెట్టి "ఏం ఇబ్బంది?" అని అడిగింది. "ఏమీ లేదు సిస్టర్" అన్నాను. "మగోళ్ళందరూ ఇంతే, అన్నీ దాస్తారు" అని రాసుకుని వెళ్ళింది. ఎనిమిదో బెడ్డు పేషెంటు భార్య, ముసలావిడ, నా వైపు జాలిగా చూసి, "నీకు ఎవురూ రాలేదా అబ్బయ్యా? ఈ ఇడ్లీ తిను" అని ఆకు చేతిలో పెట్టింది. నేను తింటున్నాను. అప్పుడొచ్చింది ఇన్‌ఛార్జి సిస్టరు.

"బెడ్డు వెయ్యమంటే ఎక్కి ఇడ్లీ తింటుండావా?"

వార్డంతా తిరిగి చూసింది. నేను దిగి దుప్పటి అందుకున్నాను. మూడు నెలలుగా నా కిందే పరుస్తూ వచ్చిన దుప్పటి, దాన్ని పై నుంచి ఎలా పట్టుకోవాలో నాకు తెలియలేదు. విదిలిస్తే నా తల మీదే పడింది. మూలలు మడవబోతే పరుపే లేచి వచ్చింది. "మూడు నెలలు ఏం నేర్చుకున్నావు?" అని అడిగిందామె. పడుకోవడం అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆమె సిస్టరమ్మని పక్కకి పిలిచి, నాకు వినపడేలాగే, "పరీక్షలో వీడికి దయ తలచి మార్కులేస్తారేమో, వెయ్యబాకండి. ఇక్కడుండేది ప్రాణాలతో ఉండే మనుషులు" అంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సిస్టరమ్మ నా పక్కన కూర్చుంది. గూడూరు దగ్గర పడుతుండగా, "తప్పు నాదేరా. బొమ్మ రాలేదని నిన్ను బొమ్మని చేసి కూర్చున్నా" అంది. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ వారమంతా ఇంట్లో ప్రాక్టీసు చేద్దామనుకున్నాను. మాకున్నది నులకమంచం. దానికి పరుపూ లేదు, దోపుకోవడానికి మూలలూ లేవు. అయినా వదలకుండా నాయనని పడుకోబెట్టి దుప్పటి మార్చబోతే, ఆయన దుప్పటితో సహా అవతలికి దొర్లి లేచాడు. "నా మంచం జోలికి రాబాక, నడుం పట్టేసింది" అని పొలానికి పోయి చీకటి పడిందాకా రాలేదు. శుక్రవారం ప్రార్థనలో నా పేరు రెండుసార్లు వచ్చిందని అమ్మ సంతోషంగా చెప్పింది. నేను అన్నం సగంలో లేచాను. (మామ అయితే ట్రే చూసి కనిపెట్టేసేవాడు.)

పరీక్ష రోజు నెల్లూరు నుంచి ఒక సారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో పనిచేసిన మగ నర్సు. మాట తక్కువ. తప్పు కనిపించినప్పుడల్లా చేతిలో పెన్ను టక్కుమని నొక్కేవారు. పొద్దున నుంచి పదకొండు మందికీ పేషెంటు మళ్ళీ నేనే. కళ్ళు మూసుకుని, పెదాలు కదపకుండా, "అన్నా, వీల్‌ఛైర్‌కి బ్రేకు", "అక్కా, దిండు" అని గుర్తు చేస్తూ వచ్చాను. ఎవరెక్కడ ఏం మరిచిపోతారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందరూ బాగా చేశారు. అందరూ రైలుకీ బస్సుకీ వెళ్ళిపోయారు. ఆఖర్న నా వంతు వచ్చేసరికి సారూ సిస్టరమ్మా కాక హాల్లో నన్ను బండి మీద ఊళ్ళో దింపుతానని ఆగిన ముత్తుకూరు అన్న ఒక్కడే ఉన్నాడు. సారు ఆయన్ని ఆపాదమస్తకం చూసి, "ఈయనే నీ పేషెంటు. మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చు. తర్వాత కుర్చీలోకి మార్చు" అన్నారు. తొంభై కిలోల పైన ఉండే మనిషి. నేను అప్పటికి నలభై ఏడు.

అన్న మంచమెక్కాడు. పక్కకి వెళ్ళి చూద్దును కదా, మంచం ఊచని పిడికిలి బిగించి పట్టుకున్నాడు. ఓడలోంచి మూటలు దించిన చెయ్యి అది. మెల్లగా, సారుకి వినపడకుండా, "రేయ్, ఆ ఫ్యాను ఊడి పడదు గదా?" అన్నాడు.

"పడదన్నా. మూడు నెల్ల నుంచి చూస్తుండా గదా. ఒక రెక్క కొంచెం ఊగుతుంది, అంతే."

ఆ ఒక్క ప్రశ్నతో నా భయం తగ్గింది. పడుకున్నవాడికి ఏం కావాలో నాకు తెలుసు. రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకున్నాను. "అన్నా, ఇప్పుడు నీ భుజం మీద చెయ్యి వేస్తుండా. ఈ మోకాలు మడువు. గోడ వైపుకి తిప్పుతుండా, నేను ఇక్కడే ఉండా, అంచు దగ్గర నా నడుము ఆనించుండా, పడవు. భయపడబాక." అన్న పిడికిలి వదిలాడు. తిరిగాడు. దుప్పటి సంగతి చెప్పుకోవడం దండగ. ఒక మూల పరుపు కింద ఉండలు చుట్టుకుంది, ఇంకో మూల నేల మీద ఊడ్చింది, పెన్ను టక్కు టక్కుమంటూనే ఉంది. కుర్చీకి బ్రేకు వేశాను. అన్నని ఎత్తడం నా వల్లయ్యే పని కాదు. అందుకే ఏ కాలు ముందు పెట్టాలో, చెయ్యి ఎక్కడ ఆనించాలో చెప్పి, "మూడు అనగానే ఇద్దరం కలిసి లేద్దాం" అన్నాను. కింద లారీ పోయి హాలంతా అదిరింది. అన్న నా భుజం గట్టిగా పట్టుకుని, లేచి, కుర్చీలో కూర్చున్నాడు.

సారు కాగితం మీద ఏదో రాసి, "దుప్పటికి సున్నా" అన్నారు. నా కళ్ళ ముందు బీరువాలో తెల్ల చొక్కా కనిపించింది. అప్పుడాయన అన్న వైపు తిరిగి, "నీకు ఎట్టుండింది?" అని అడిగారు. అన్న ఎడమకి తిరిగిపోయే ఆ కుర్చీలోనే కూర్చుని, తన చేతుల వైపు చూసుకున్నాడు.

"సార్, పదేళ్ళు మూటలు ఎత్తినా. ఈ పిల్లోణ్ణి గూడా అట్నే ఎత్తినా. నేను పడుకుంటే గదా తెలిసింది. ఒక్కసారి గూడా పడతానని అనిపీలేదు సార్" అన్నాడు. తర్వాత నాతో, "నిన్ను ఎన్ని రోజులు భయపెట్టినానో గదరా. ఒక్క మాటన్నా అనకపోతివే" అన్నాడు. మూల నిలబడ్డ సిస్టరమ్మ భుజం మీది గడియారం సర్దుకుంటున్నట్టు తల దించుకుంది. నాకైతే ఏడుపు వచ్చేసింది, దాచుకోలేదు.

సారు వెంటనే పాస్ చెయ్యలేదు. "దుప్పటి వెయ్యడం చేతిపని, ఎవురికైనా వారంలో వొస్తుంది. రోజుకి ఇరవై మాట్లు ఈ బెడ్డు పరువు. వారం తర్వాత వొచ్చి చూసి సంతకం పెడతా" అన్నారు. పరిచాను. సిస్టరమ్మ గడియారం పట్టుకుని పక్కనే నిలబడింది, ముత్తుకూరు అన్న తన పని మానుకుని వచ్చి రోజూ పేషెంటుగా పడుకున్నాడు. ఫ్యాను గాలి మంచం పక్కన నిలబడ్డవాడికి బొత్తిగా తగలదని ఆ వారమే తెలుసుకున్నాను. ఏడోరోజు సారు వచ్చి నాలుగు మూలలూ వేలితో లాగి చూసి సంతకం పెట్టారు. ఆ మర్నాడు మద్రాసు నుంచి బొమ్మ వచ్చింది. సర్టిఫికెట్లకి వచ్చిన అందరం పెట్టె విప్పి చుట్టూ నిలబడ్డాం. "మనిషి ఇంత తెల్లగా ఉండాడేంది!" అంది సిస్టరమ్మ. ముత్తుకూరు అన్న దాన్ని రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తుతూ, "తీస్తుండా సార్, భయపడబాకండి" అన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని ఏడో బెడ్డు ఉన్న ఆ వార్డుకే ఉద్యోగానికి వెళ్ళాను. ఇన్‌ఛార్జి సిస్టరు ఆ తర్వాత రెండేళ్ళ దాకా నన్ను ఇడ్లీ అనే పిలిచింది.

ఇప్పుడు నెల్లూరులో కొత్తగా చేరే పిల్లలకు ఆ మొదటి పాఠాలు నేనే చెబుతున్నాను. మా దగ్గర మూడు రబ్బరు బొమ్మలున్నాయి. నొక్కితే గుండె కొట్టుకునేది కూడా ఉంది. అయినా వాటి దగ్గరికి పంపే ముందు ప్రతి ఒక్కరినీ ఒకసారి మంచమెక్కిస్తాను. ఈమధ్య చేరిన పిల్లలు సిగ్గుపడి ఎవరూ ముందుకు రాకపోతే, పాత అలవాటే కదా అని చెప్పులు విడిచి నేనే పడుకున్నాను. ఇప్పుడు నేను ఎనభై నాలుగు కిలోలు. నలుగురు పిల్లలు చేరి ఆపసోపాలు పడుతుంటే, చిల్లకూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి చేతులు రుద్దుకుని, నా భుజం మీద చెయ్యి ఆనించి, "తిప్పుతుండాం సార్, భయపడబాకండి" అంది. నేను ఆ మాట ఇంకా వాళ్ళకి చెప్పనే లేదు. పైకి చూశాను. ఏసీ హాలు, ఫ్యాను లేదు. కళ్ళు మూసుకున్నాను. పేషెంటులాగా నటిస్తున్నాననుకుని పిల్లలు వాళ్ళ పని వాళ్ళు చేసుకుపోయారు. మెలకువ వచ్చేసరికి హాలు ఖాళీగా ఉంది, అందరూ టీకి వెళ్ళినట్టున్నారు. నా కింద దుప్పటి మారి ఉంది. వంగి చూశాను, నాలుగు మూలలూ పరుపు కింద గట్టిగా, చక్కగా మడిచి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఇప్పటికీ అంత బాగా రావు.